ఎన్నికల వార్తలకు ఓనమాలు బూత్‌లోనే

ప్రశ్న: మండల స్థాయిలో నాలుగేళ్లుగా వార్తలు రాస్తున్నాను. నేరాలు, ప్రమాదాలు, గ్రామసభలు అంటే బెదురు లేదు. రాజకీయాల దగ్గరికొచ్చేసరికి మాత్రం నాయకులు ప్రెస్‌మీట్‌లో చెప్పింది దించేయడం తప్ప ఇంకేమీ చేతకావడం లేదు. వచ్చే అసెంబ్లీ ఎన్నికలకు నియోజకవర్గం మొత్తం చూసుకోమని డెస్కు వాళ్లు చెప్పారు. పార్టీల్లో నాకు పెద్దగా పరిచయాలు లేవు. ఎక్కడి నుంచి నేర్చుకోవాలి?
– ఒక విలేకరి

సమాధానం: పరిచయాలు లేవని దిగులు పడకండి. ప్రచారం మొదలైన వారంలో అవి వద్దన్నా వచ్చిపడతాయి. వాటంతటవి రానివి అంకెలు. మీ నియోజకవర్గంలో ఏ ఊరు ఎప్పుడు ఎటు మొగ్గిందో అంకెలతో సహా తెలియకపోతే నాయకుడు మిమ్మల్ని ఎటు కావాలంటే అటు తిప్పుతాడు. ‘ఆ మండలం మాకు కంచుకోట’ అని ఆయన అంటాడు, మీరు రాసుకొచ్చేస్తారు. కిందటిసారి అదే మండలంలో ఆయన పార్టీకి ఎన్ని ఓట్లు తగ్గాయో మీ నోట్‌బుక్‌లో ఉంటే ఆ మాట దగ్గరే ఆపి అడుగుతారు. మీ కొత్త చదువు అక్కడి నుంచి మొదలవ్వాలి.

దానికి కావలసిన కాగితం ఫారం 20. లెక్కింపు ముగిశాక రిటర్నింగ్ అధికారి (ఆర్వో) తయారుచేసే తుది ఫలితాల పట్టిక ఇది. ప్రతి పోలింగ్ కేంద్రానికీ ఒక వరుస. అందులో ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లు వచ్చాయో, నోటాకు ఎన్ని పడ్డాయో ఉంటుంది. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో పెడతారు. చాలావరకు స్కాన్ చేసిన కాపీలే కాబట్టి కూర్చుని చేత్తో ఎక్కించుకోవాల్సిందే. నాలుగైదు సాయంత్రాలు పడుతుంది. ఆ పని ఇంకొకరికి అప్పగించకండి, ఎక్కిస్తూ ఉండగానే నియోజకవర్గం తలకెక్కుతుంది.

గత రెండు అసెంబ్లీ ఎన్నికల ఫారం 20లు తీసుకోండి. బూత్ నంబరు, ఊరు, మండలం, పోలైన ఓట్లు, మొదటి ముగ్గురు అభ్యర్థుల ఓట్లు, నోటా: ఈ గడులు చాలు. ఇక్కడ మూడు చోట్ల కాలు జారుతుంది. ఒకటి, ఎన్నికకీ ఎన్నికకీ బూత్ నంబర్లు మారతాయి. కిందటిసారి 112 ఈసారి 118 కావచ్చు. నంబరుతో పోలిస్తే ఒక ఊరి ఓట్లు ఇంకో ఊరికి అంటగట్టినట్టే, కాబట్టి ఊరి పేరు, బడి పేరు చూసి జతచేసుకోండి. రెండు, పోస్టల్ ఓట్లు పట్టిక చివర విడిగా ఉంటాయి. అవి ఏ ఊరివో తెలియవు, వాటిని మండలాలకు పంచకూడదు. మూడు, బూత్‌లో మొత్తం ఓటర్లు ఎందరో ఫారం 20 చెప్పదు. పోలింగ్ శాతం కావాలంటే అప్పటి ఓటరు జాబితా తెరవాలి. ఇంకో మాట, రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇప్పుడున్న నియోజకవర్గాల హద్దులు 2009 ఎన్నికల నుంచి అమల్లోకి వచ్చాయి. నియోజకవర్గం పేరు అదే కదా అని 2004 ఫలితంతో పోల్చకండి.

పట్టిక సిద్ధమయ్యాక ఒక్క బూత్‌ను దగ్గరగా చూడండి. మాటవరసకు ఒక ఊళ్లో కిందటి ఎన్నికల్లో 800 ఓట్లు పోలై, ఒక పార్టీకి 520 వచ్చాయనుకుందాం. అంటే 65 శాతం. తర్వాతి ఎన్నికల్లో 950 పోలై, అదే పార్టీకి 540 వచ్చాయి. ‘మాకు ఓట్లు పెరిగాయి’ అని స్థానిక నాయకుడు అంటే అబద్ధం కాదు, 20 పెరిగాయి. వాటా మాత్రం 56.8 శాతానికి దిగింది. కొత్తగా పోలైన 150 ఓట్లలో 130 ఇతరులకు వెళ్లాయి. ఆ 130 మంది ఎవరు? కొత్తగా ఓటు వచ్చిన పిల్లలా, వలస వెళ్లి పోలింగ్‌కు తిరిగొచ్చినవాళ్లా, అంతకుముందు ఓటే వేయనివాళ్లా? ఊరికి వెళ్లి అడగాల్సిన ప్రశ్న ఇదీ. వార్తలో ‘8 శాతం తగ్గింది’ అని రాయకండి, ‘వాటా 65 శాతం నుంచి 57 శాతానికి తగ్గింది’ అని రెండు అంకెలూ ఇవ్వండి. పాఠకుడికి తికమక ఉండదు.

ఓట్ల వాటా వేరు, సీట్లు వేరు అన్నది కూడా ఈ అలవాటుతోనే ఒంటబడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో టీడీపీకి 39.17 శాతం ఓట్లు వస్తే 23 స్థానాలు దక్కాయి. 2024లో వైసీపీకి 39.37 శాతం వచ్చి 11 స్థానాలే దక్కాయి. ఓడిన పార్టీల వాటా ఇంచుమించు ఒకటే. మారింది ఎదుటి పక్షం. 2019లో గెలిచిన పార్టీకి 49.95 శాతం ఉంటే, 2024లో కూటమిలోని మూడు పార్టీలకూ కలిపి సుమారు 55 శాతం ఉంది. ‘తుడిచిపెట్టుకుపోయింది’ అని శీర్షిక పెట్టే ముందు సీట్లతో పాటు ఓట్ల వాటా కూడా చూడాలి. పదిమందిలో నలుగురు ఓటేసిన పార్టీ జనంలోంచి తుడిచిపెట్టుకుపోదు.

ఇక అభ్యర్థుల సంగతి. నామినేషన్‌తో పాటు ఇచ్చే ప్రమాణపత్రం (అఫిడవిట్) ఫారం 26. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో పెడతారు, ఆర్వో కార్యాలయం నోటీసు బోర్డు మీదా అంటిస్తారు. ఒక అభ్యర్థి నాలుగు సెట్ల వరకు నామినేషన్లు వేయొచ్చు. మధ్యలో అఫిడవిట్ మార్చి ఇవ్వడమూ ఉంటుంది, కాబట్టి చివరిది ఏదో తేదీ చూసి తేల్చుకోండి. దీన్ని మన పత్రికలు ఏటికేడు ఒకే తీరులో వాడుతున్నాయి: ‘ఫలానా అభ్యర్థి ఆస్తి ఇన్ని కోట్లు, ఐదేళ్లలో మూడింతలు’. అక్కడితో ఆగితే పాఠకుడికి మిగిలేది ఏమీ లేదు. పాత అఫిడవిట్‌ను పక్కన పెట్టుకుని స్థిరాస్తుల గడిలో సర్వే నంబర్లు ఒక్కొక్కటే టిక్ పెడుతూ రండి. అవే భూములు, అవే ఎకరాలు ఉండి మార్కెట్ విలువ మాత్రమే పెరిగితే ఆయన కొత్తగా కొన్నదేమీ లేదు. కొత్త సర్వే నంబర్లు కనబడితే అసలు వార్త అక్కడ ఉంది. ఎప్పుడు కొన్నారు, ఎంతకు కొన్నారు అనేది కూడా అందులోనే రాయాలి. వారసత్వమా, స్వార్జితమా అన్న గడి వేరుగా ఉంటుంది. జీవిత భాగస్వామి, ఆధారపడినవారి పేరిట ఉన్నవి పక్క గడుల్లో ఉంటాయి. ఐదేళ్ల ఆదాయపన్ను రిటర్నుల్లో చూపిన ఆదాయం పైనే ఉంటుంది. ఆ ఆదాయానికి ఈ కొనుగోళ్లు పొసగకపోతే, ఆరోపణగా రాయకుండా ఆ రెండు అంకెలూ చూపించి అభ్యర్థినే వివరణ అడగండి. అప్పుల గడి చాలామంది చూడరు. ఎవరి దగ్గర తీసుకున్నారో అక్కడ తెలుస్తుంది, కొన్నిసార్లు ఆ పేర్లే పెద్ద కథ చెబుతాయి.

కేసుల గడిలో ఎఫ్ఐఆర్ నంబరు, ఠాణా, సెక్షన్లు, కోర్టు, అభియోగాలు నమోదయ్యాయా లేదా అన్నవి ఉంటాయి. ‘12 కేసులున్న అభ్యర్థి’ అని లెక్క ఒక్కటే వేయడం అన్యాయం. ధర్నాలో రోడ్డు మీద కూర్చున్న కేసూ, హత్యాయత్నం కేసూ ఒకటి కావు. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది కాబట్టి పాత కేసులకు ఐపీసీ సెక్షన్లు, కొత్తవాటికి సంహిత సెక్షన్లు ఉంటాయి. నంబరు ఒకటే అయినా నేరం వేరు. పక్కన చట్టం పేరు చూడకుండా నేరం పేరు రాయకండి. కేసులున్న అభ్యర్థి ఆ సంగతిని ప్రచార కాలంలో మూడుసార్లు పత్రికల్లో, టీవీల్లో ప్రకటించాలి. అలాంటి వ్యక్తినే ఎందుకు ఎంపిక చేశారో పార్టీ కూడా చెప్పాలని సుప్రీంకోర్టు 2020లో ఆదేశించింది. ఆ ప్రకటనలు ఎక్కడో మూల చిన్న అక్షరాల్లో వస్తాయి. వాటిని కత్తిరించి దాచండి, పార్టీ చెప్పిన కారణాన్ని యథాతథంగా అచ్చువేస్తే అదే ఒక వార్త.

నామినేషన్ల ఘట్టంలో ఊరేగింపుల కన్నా గడియారం ముఖ్యం. ‘మా అభ్యర్థి ఈయనే’ అని పార్టీ ఇచ్చే కాగితం బి-ఫారం. చివరిరోజు మధ్యాహ్నం 3 గంటల లోపు అది ఆర్వోకు అందాలి. అందకపోతే పార్టీ గుర్తు రాదు. ఎంత పెద్ద నాయకుడు ‘టికెట్ నాదే’ అన్నా ఆ కాగితం చేరిందా అని ఆర్వో కార్యాలయంలో అడిగాకే రాయండి. ఉపసంహరణ గడువు ముగిశాక ఇచ్చే తుది జాబితా ఫారం 7ఎ. రెబల్ బరిలో ఉన్నాడా లేడా అన్నది దాంతో తేలుతుంది. బరిలో జనం పెరిగితే యంత్రాలూ పెరుగుతాయి. ఓటరు మీట నొక్కే యంత్రం బ్యాలెట్ యూనిట్. నోటాతో కలిపి ఒకదానిలో 16 పేర్లే పడతాయి. 2019లో నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో 185 మంది నిలబడితే ఒక్కో బూత్‌లో 12 యూనిట్లు పెట్టాల్సి వచ్చింది. పసుపు, ఎర్రజొన్న రైతులు తమ గోడు వినిపించడానికి గుంపుగా నామినేషన్లు వేసిన ఎన్నిక అది. అభ్యర్థుల జాబితా చదవడమే ఒక వార్త అవుతుందనడానికి అంతకు మించిన ఉదాహరణ లేదు.

ఖర్చు విషయం కొంచెం కష్టం, అయినా వదలొద్దు. 2022 జనవరి నుంచి మన రాష్ట్రాల్లో అసెంబ్లీ అభ్యర్థి పరిమితి 40 లక్షల రూపాయలు, లోక్‌సభకు 95 లక్షలు. టెంటు, కుర్చీ, వాహనం, భోజనం ఒక్కోదానికి ఎంత లెక్క వేయాలో జిల్లా ఎన్నికల అధికారి ధరల పట్టిక ప్రకటిస్తారు. ఆ పట్టిక జేబులో పెట్టుకుని సభకు వెళ్లండి. కుర్చీలు వరుసకు ఎన్ని, ఎన్ని వరుసలు, ఎన్ని బస్సులు, వేదిక మీద అభ్యర్థి ఉన్నాడా, ఫొటో ఉందా అన్నవి రాసుకోండి. అభ్యర్థి ఖర్చు రిజిస్టరును ప్రచార కాలంలో కనీసం మూడుసార్లు అధికారులు తనిఖీ చేస్తారు, ఎన్నికల యంత్రాంగం తానుగా మరో రిజిస్టరు రాసుకుంటుంది. మీ లెక్కకూ ఆ రెండు లెక్కలకూ తేడా ఎంతో చూపగలిగితే జిల్లా పేజీలో ఆ రోజుకు అదే మొదటి వార్త. ‘వేలాది మంది తరలివచ్చారు’ అనే వాక్యం ఎవరైనా రాస్తారు.

ఇక్కడే ఒక చేదు మాట చెప్పాలి. ఎన్నికల కాలంలో విలేకరి మీద ప్రకటనల లక్ష్యం పెట్టడం, అభ్యర్థులతో ‘ప్యాకేజీ’ మాట్లాడుకు రమ్మనడం మీకు తెలియని సంగతి కాదు. డబ్బు తీసుకుని వార్తలా అచ్చువేసింది చెల్లింపు వార్త. జిల్లా మీడియా పర్యవేక్షణ కమిటీ అలా తేలిస్తే ఆ ఖర్చు అభ్యర్థి ఖాతాలో పడుతుంది, విలేకరి మాటకు విలువ పోతుంది. రాజకీయ ప్రకటన తెచ్చే పని వేరొకరికి అప్పగించమని డెస్కును ముందే అడగండి. కుదరకపోతే, ప్రకటన వచ్చిన అభ్యర్థి వార్తలో అంకెలతోనే మాట్లాడండి, విశేషణాలు తీసేయండి. ఒక్క అభ్యర్థి దగ్గర కవరు తీసుకున్న సంగతి ఆ సాయంత్రానికే మిగతావాళ్లకు తెలుస్తుంది. ఆ తర్వాత ఎవరూ మీకు నిజం చెప్పరు.

జనంతో మాట్లాడేటప్పుడు ‘ఎవరు గెలుస్తారు?’ అని అడగకండి. ఆ ప్రశ్నకు ఊళ్లో అందరూ ఒకటే జవాబు చెబుతారు, ఎవరికి వినబడాలో వారికి వినబడేలా. ‘కిందటిసారికీ ఇప్పటికీ మీ ఇంట్లో ఏం మారింది?’ అని అడగండి. రచ్చబండ దగ్గర కూర్చున్నవాళ్లు ఊరు మొత్తం కాదు. ఆడవాళ్లు పొలం పనుల నుంచి, ఉపాధి హామీ పని నుంచి వచ్చే వేళ పట్టుకోవాలి. ఊరికి రెండు మూడు వాడలుంటే అన్నింటికీ వెళ్లాలి. వెంట స్థానిక నాయకుడు ఉంటే ఆ రోజు విన్నదానికి విలువ లేదు. ముప్పై మందితో మాట్లాడి ‘గాలి ఇటు’ అని రాయకండి, అది సర్వే కాదు. అలాగే ‘ఈ నియోజకవర్గంలో ఫలానా కులం ఓట్లు 42 వేలు’ అని రాసే ముందు ఆ అంకె ఎక్కడిదో అడగండి. ఓటరు జాబితాలో కులం ఉండదు. ఆ అంకెలు పార్టీలు వేసుకున్న అంచనాలు, అవసరాన్ని బట్టి పెరుగుతాయి, తగ్గుతాయి.

పోలింగ్ రోజుకు ఎన్నికల సంఘం ఇచ్చే అనుమతి పత్రం ముందే సంపాదించాలి, అక్రెడిటేషన్ కార్డు ఒక్కటే ఉంటే లోపలికి పంపరు. క్యూ ఫొటో తీయొచ్చు, ఓటు వేసే చోటు ఫొటో తీయడం నేరం. పోలింగ్ మొదలవడానికి గంటన్నర ముందు అభ్యర్థుల ఏజెంట్ల ఎదుట కనీసం 50 ఓట్లతో నమూనా పోలింగ్ చేస్తారు. మంచి విలేకరి ఆ వేళకే అక్కడ ఉంటాడు. ‘ఈవీఎం మొరాయించింది’ అనే మాట మాత్రం నిఘంటువులోంచి తీసేయండి. ఏది చెడిపోయింది? పోలింగ్ నడుస్తుండగా ఓట్లు నమోదయ్యే కంట్రోల్ యూనిట్ గానీ బ్యాలెట్ యూనిట్ గానీ పాడైతే మొత్తం సెట్ మారుస్తారు. వేసిన ఓటును చీటీ మీద చూపే వీవీప్యాట్ ఒక్కటే పాడైతే దాన్నొక్కటే మారుస్తారు. ఏది మార్చారు, ఎన్ని నిమిషాలు ఆగింది, అప్పటికి ఎన్ని ఓట్లు పడ్డాయి, ఎంతమంది వెనుదిరిగారు అన్నవి రాస్తే వదంతి పుట్టదు.

సాయంత్రం 5 గంటలకు చెప్పే శాతాన్ని తుది శాతంగా వేయడం ఏటా జరిగే పొరపాటు. గడువు ముగిసే వేళకు క్యూలో ఉన్నవాళ్లందరూ ఓటేస్తారు. 2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో కొన్నిచోట్ల అర్ధరాత్రి దాటాక కూడా పోలింగ్ సాగింది. చివరికి తేలింది 81.86 శాతం, అందులో ఈవీఎంలది 80.66, మిగతా 1.2 పోస్టల్. పోలింగ్ ముగిశాక ప్రిసైడింగ్ అధికారి ఏజెంట్లకు ఇచ్చే కాగితం ఫారం 17సి. ఆ బూత్‌లో మొత్తం ఎన్ని ఓట్లు నమోదయ్యాయో అందులో ఉంటుంది. ముఖ్య పార్టీల ఏజెంట్ల దగ్గర వాటి ఫొటోలు అడిగి దాచుకోండి. లెక్కింపు నాడు ‘ఓట్లు పెరిగాయి’ అనే గొడవ లేస్తే పనికొచ్చేది అదే.

చట్టం గురించి రెండు ముక్కలు: పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటలు టీవీలో, అలాంటి మాధ్యమాల్లో ఎన్నికల ప్రచార విషయం చూపకూడదు. సంఘం ప్రకటించిన గడువు ముగిసేదాకా ఎగ్జిట్ పోల్ ఎక్కడా వేయకూడదు. రెండింటికీ రెండేళ్ల వరకు జైలు ఉంది. మీ వాట్సాప్ గ్రూపులో పెట్టినా పెట్టినట్టే అనుకుని నడుచుకోండి.

లెక్కింపు రోజు మీ ఫారం 20 పట్టిక అసలు విలువ బయటపడుతుంది. ఉదయం 8 గంటలకు పోస్టల్ ఓట్లు మొదలవుతాయి, అరగంట తర్వాత ఈవీఎంలు. సాధారణంగా నియోజకవర్గానికి 14 టేబుళ్లు. బూత్‌లు నంబరు వరుసలోనే టేబుళ్ల మీదికి వస్తాయి. 266 బూత్‌లుంటే 19 రౌండ్లు. మొదటి నాలుగు రౌండ్లంటే 1 నుంచి 56 దాకా ఉన్న బూత్‌లు, అంటే ఏదో ఒక మండలమో, ఒకటిన్నర మండలమో. ముందురోజు రాత్రే ఏ రౌండ్‌లో ఏ ఊళ్లు వస్తాయో కాగితం మీద గీసుకోండి, ఆ ఊళ్లలో కిందటిసారి ఆధిక్యం ఎంతో పక్కన వేయండి.

అప్పుడు ఏం కనబడుతుందో చూడండి. మాటవరసకు ఒక అభ్యర్థికి కిందటిసారి ఆ 56 బూత్‌లలో 6,200 ఆధిక్యం వచ్చి, మొత్తం మీద 4,000తో గెలిచాడు. ఈసారి నాలుగో రౌండ్ అయ్యేసరికి 3,100 ఆధిక్యంలో ఉన్నాడు. తెర మీద అతనే ముందున్నాడు, అనుచరులు టపాసులు తెస్తున్నారు. మీ పట్టిక మాత్రం అతను సొంత మండలంలోనే సగం పోగొట్టుకున్నాడని చెబుతుంది. అంటే కిందటి మెజారిటీలో ఇప్పటికే 3,100 కరిగిపోయాయి. ముందున్న మండలాలు ఇదే దారిలో ఉంటే ఓటమి తప్పదు. అప్పుడు కూడా ‘ఓడిపోతున్నాడు’ అని రాయొద్దు. ‘బలమున్న మండలంలో ఆధిక్యం 6,200 నుంచి 3,100కు తగ్గింది, ఇంకా 15 రౌండ్లున్నాయి’ అని పంపండి. ఆ రౌండ్ ఆధిక్యమా, అప్పటిదాకా కలిపిన ఆధిక్యమా అన్నది ప్రతిసారీ స్పష్టంగా చెప్పండి. డెస్కు తప్పులు ఎక్కువగా అక్కడే జరుగుతాయి.

చివరి రౌండ్ అయ్యాక కూడా పని మిగిలే ఉంటుంది. లాటరీ తీసి 5 బూత్‌ల వీవీప్యాట్ చీటీలు లెక్కించి యంత్రం లెక్కతో సరిచూస్తారు. లెక్క కుదరక పక్కన పెట్టిన యంత్రాలు ఉన్నాయా, వాటిలో ఎన్ని ఓట్లున్నాయి, ఆ సంఖ్య మెజారిటీ కన్నా ఎక్కువా అని అడగండి. తిరస్కరించిన పోస్టల్ ఓట్లు మెజారిటీ కన్నా ఎక్కువైతే వాటిని మళ్లీ పరిశీలించాలి. 2019లో విజయవాడ సెంట్రల్ 25 ఓట్ల తేడాతో తేలింది. అలాంటి చోట ఆర్వో ఫలితం ప్రకటించేదాకా ‘ఆధిక్యం’ అనే మాటే వాడాలి, ‘గెలుపు’ కాదు. డిపాజిట్ లెక్క కూడా జాగ్రత్త: అది దక్కాలంటే అభ్యర్థికి వచ్చినవి చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటాలి, ఆ లెక్కలోకి నోటా రాదు.

ఫలితం వచ్చిన మర్నాడు అందరూ నిద్రపోతారు. మీరు ఆ రోజు డైరీలో మూడు గడువులు రాసిపెట్టుకోండి. యంత్రాల మెమరీ పరిశీలించమని రెండు, మూడు స్థానాల్లో నిలిచినవారు కోరడానికి 7 రోజులు. అభ్యర్థులు ఖర్చుల లెక్క ఇవ్వడానికి 30 రోజులు. హైకోర్టులో ఎన్నికల పిటిషన్‌కు 45 రోజులు. కొత్తగూడెంలో 2018 ఎన్నికపై అఫిడవిట్ వివాదం 2023 జూలైలో హైకోర్టు తీర్పుదాకా నడిచింది. ఎమ్మెల్యే ఎన్నిక చెల్లదని, రెండో స్థానంలో ఉన్నవారు గెలిచినట్టని హైకోర్టు చెప్పింది. ఆగస్టులో సుప్రీంకోర్టు దానిపై స్టే ఇచ్చింది. ఇలాంటి తీర్పు వచ్చిన రోజు రాయాలంటే దాదాపు ఐదేళ్ల కిందటి అఫిడవిట్ కాపీ చేతికి అందేలా ఉండాలి. నామినేషన్ల వారంలో దించుకున్న ప్రతి కాగితాన్నీ నియోజకవర్గం, సంవత్సరం పేరుతో ఫోల్డరు పెట్టి, ఫోన్‌లో ఒకటి, బయట ఒకటి రెండు కాపీలు ఉంచండి.